టెర్మినల్‌లో ఆర్‌ఎమ్ కొట్టే ముందు.. ఈ 4 అలవాట్లు ఉంటే మీ ఫైల్స్ సేఫ్!

విండోస్‌లో డిలీట్ చేసిన ఫైల్ రీసైకిల్ బిన్‌కి వెళ్తుంది. లినక్స్ టెర్మినల్‌లో ఆర్‌ఎమ్ కమాండ్‌కి అలాంటి బిన్ ఏదీ లేదు. ఎంటర్ కొట్టారా, ఫైల్ పోయినట్టే. ఫోన్‌లో టెర్మక్స్ వాడేవాళ్లకీ ఇదే రూల్. స్టోరేజ్ పర్మిషన్ ఇచ్చి ఉంటే కెమెరా ఫొటోలు కూడా ఇలాగే పోతాయి, గ్యాలరీ ట్రాష్‌లో కనపడవు.

అసలు తేడా ఎక్కడ కొడుతుంది? 'స్టార్ డాట్ లాగ్' అని ఇస్తే, ఆ స్టార్‌ని ఫైల్ పేర్ల లిస్టుగా మార్చేది షెల్. ఆర్‌ఎమ్‌కి చేరేది ఆ లిస్టే. స్టార్ పక్కన పొరపాటున ఒక్క స్పేస్ పడితే చాలు, ఫోల్డర్‌లో కనిపించే ఫైల్స్ అన్నీ లిస్టులోకి వచ్చేస్తాయి.

దీనికి చాలామంది చెప్పే చిట్కా, ఆర్‌ఎమ్‌కి 'మైనస్ ఐ' కలిపి అలియాస్ పెట్టుకోవడం. అప్పుడు ప్రతి ఫైల్‌కీ అడుగుతుంది. కానీ తర్వాత 'మైనస్ ఎఫ్' ఇస్తే అడగదు, ఎందుకంటే చివర ఇచ్చిందే చెల్లుతుంది. పైగా ఆ అలియాస్ మీ లాప్‌టాప్‌లోనే ఉంటుంది. వేరే సర్వర్‌లోకి లాగిన్ అయినప్పుడు అది ఉండకపోవచ్చు, "అడుగుతుందిలే" అన్న ధీమా మాత్రం మీతోనే వస్తుంది.

మరి ఏం చేయాలి?

1. అదే ప్యాటర్న్‌ని ముందు ఎల్‌ఎస్‌తో రన్ చేయండి. లిస్ట్ కరెక్ట్‌గా ఉంటే, పై బాణం కీ నొక్కి ఎల్‌ఎస్‌ని ఆర్‌ఎమ్‌గా మార్చండి.

2. గ్నూ ఆర్‌ఎమ్‌లో 'మైనస్ క్యాపిటల్ ఐ' వాడండి. మూడు కంటే ఎక్కువ ఫైల్స్ ఉన్నా, ఫోల్డర్ మొత్తం తీసేస్తున్నా ఒక్కసారి అడుగుతుంది. విసుగు రాదు.

3. ట్రాష్ సీఎల్‌ఐ ఇన్‌స్టాల్ చేసి 'ట్రాష్ పుట్' అలవాటు చేసుకోండి. అది లేని సిస్టమ్‌లో టైప్ చేసినా 'కమాండ్ నాట్ ఫౌండ్' అని వస్తుంది, అంతే. నష్టం ఉండదు.

4. ప్రాంప్ట్‌లో సర్వర్ పేరు చదవండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ సెకండరీ సర్వర్ అనుకుని మెయిన్ డేటాబేస్ సర్వర్‌లో డిలీట్ కొట్టారు. సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. రెగ్యులర్ బ్యాకప్‌లు చూస్తే ఏదీ పనికిరాలేదు. ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ కాపాడింది, ఆ తర్వాతి డేటా మాత్రం పోయింది.

అందుకే బ్యాకప్ ఉందని ఊరుకోకండి. ఇవాళే అందులోంచి ఒక ఫైల్ రీస్టోర్ చేసి, ఓపెన్ అవుతుందో లేదో చూడండి.