థైరాయిడు రక్తపరీక్ష: ఫలితములను గ్రహించు విధము



థైరాయిడు పరీక్ష యను మాట ఇప్పుడు పల్లెలలో సైతము తఱచుగా వినవచ్చుచున్నది. కొంచెము రక్తము తీసికొని, కొన్ని అంకెలు గల కాగితమును చేతికిత్తురు. దానిని గొనివచ్చి, "ఇందేమి యున్నది?" అని నన్నడుగువారు పెక్కుమంది. వైద్యుఁడు చెప్పు మాట మీకు బోధపడునంతవఱకు ఆ సంగతిని మనవి చేసెదను.

కంఠమున ముందుభాగమున సీతాకోకచిలుక రెక్కలు విచ్చినట్లుండు చిన్న గ్రంథి యొకటి గలదు. ఇదియే థైరాయిడు. ఇది ఆహారములోని అయోడినును గ్రహించి, టి-4, టి-3 అను రెండు హార్మోనులను తయారుచేసి రక్తములోనికి విడుచును. ఒంటి వేఁడి, గుండె వేగము, జీర్ణశక్తి, బుద్ధి చుఱుకుఁదనము వీనిపై ఆధారపడి యుండును. ఈ గ్రంథిచేఁ బని చేయించునది మెదడు క్రింద నుండు పిట్యూటరీ యను మఱియొక గ్రంథి. అది పంపు ఆజ్ఞయే టి.యస్.హెచ్.

మోటబావులు మీలోఁ బెక్కుమంది బాల్యమునఁ జూచియుందురు. ఎద్దు మందగించి కాలువలో నీరు తగ్గినకొలఁది, తోలువాని అదలింపు హెచ్చును. ఎద్దు తనంతఁ దాను పరుగిడి నీరు పొంగినచో, తోలువాఁడు నోరు మూసికొనును. థైరాయిడే ఎద్దు, టి-4 కాలువలోని నీరు, టి.యస్.హెచ్. తోలువాని కేక. కావుననే టి.యస్.హెచ్. పెరుఁగుట థైరాయిడు పని తగ్గుటకు గుర్తు. ఈ తలక్రిందుల లెక్క తెలియకయే పలువురు భ్రమపడుచున్నారు.

టి.యస్.హెచ్. సామాన్యముగా లీటరునకు 0.4 మొదలు 4 మిల్లీ యూనిట్ల వఱకు నుండును. ప్రయోగశాలనుబట్టి హద్దులు కొంచెము మాఱును గనుక, కాగితముపై ప్రక్కన అచ్చువేసిన హద్దులతోనే పోల్చి చూడవలయును. ఒక్క అంకెను గాక రెంటిని జతగాఁ జదువవలయును.

టి.యస్.హెచ్. హెచ్చి, టి-4 తగ్గినచో గ్రంథి చాలినంత పని చేయుట లేదు. నీరసము, చలికి ఓర్వలేమి, మలబద్ధము, ముఖము ఉబ్బుట దీని లక్షణములు. "ముసలితనము గదా" అని వీనిని ఉపేక్షింపరాదు. టి.యస్.హెచ్. తగ్గి, టి-4 గాని టి-3 గాని హెచ్చినచో గ్రంథి మితిమీఱి పని చేయుచున్నది. అప్పుడు గుండెదడ, చేతుల వణకు, చిక్కిపోవుట కలుగును. టి-4 తగ్గియు టి.యస్.హెచ్. పెరుఁగకున్నచో, లోపము తోలువానియందే యుండవచ్చును. లేదా వేఱొక తీవ్రవ్యాధి వలన నట్లు కావచ్చును. దాని కారణమును వైద్యుఁడే వెదకవలయును.

ఇఁక టి-4 సరిగా నుండి, టి.యస్.హెచ్. మాత్రము కొంచెము హెచ్చినచో తొందర కూడదు. వయసు మీఱినవారిలో అది కొంత పెరుఁగుట కలదు. రెండు మూఁడు నెలలకు మఱల పరీక్షించి చూచుట మేలు. అవసరము లేక మాత్రలు ఎక్కువగా మ్రింగిన వృద్ధులకు గుండె లయ తప్పుటయు, ఎముకలు పెళుసగుటయు సంభవించును.

ఒక ముఖ్యవిషయము. నే నెఱిఁగిన యొక వృద్ధురాలు మాత్రలు వాడుచు, అంకెలు సరిపడఁగానే జబ్బు కుదిరినదని తలఁచి మానివేసెను. కొన్ని నెలలకే ముఖ ముబ్బి, మాట మందగించి, మంచము పట్టెను. సరిపడిన అంకె మందు చేసిన పనియే గాని, ఎద్దు తిరిగి బలము పుంజుకొనుట కాదు. కొందఱికి మందు మానవచ్చును గాని, ఆ నిర్ణయము వైద్యునిది.

మాత్రను ఉదయముననే పరగడుపున నీటితో మ్రింగి, అరగంటకుఁ బైన కాఫీ త్రాగవలయును. ఇనుము, కాల్షియము మాత్రలకు నాలుగు గంటల ఎడము కావలయును. టి-4 రక్తములో సగమగుటకే ఇంచుమించు వారము పట్టును. కావున మోతాదు మార్చిన పిమ్మట ఆఱు మొదలు ఎనిమిది వారములకు పరీక్ష చేయింపవలయును. వారమువారమును చేయించుట ధనవ్యయమే. పరీక్షనాఁడు రక్త మిచ్చిన తరువాత మాత్ర వేసికొనుట మంచిది. బయోటిను గల మందులు అంకెలను తప్పుగాఁ జూపింపవచ్చును గనుక, వానిని వాడుచున్నచో ముందుగాఁ జెప్పవలయును.

మీ యింటి కోడలో కూఁతురో ఈ మాత్రలు వాడుచు గర్భవతి యైనచో, ఆ సంగతి వెంటనే వైద్యునికిఁ దెలియవలయును. తొలి నెలలలో శిశువు మెదడు ఎదుగుటకు తల్లి హార్మోనే ఆధారము. అప్పటి హద్దులును వేఱు. మోతాదు సాధారణముగాఁ బెంచవలసి వచ్చును. పుట్టిన బిడ్డకు మడమనుండి రక్తపు బొట్టు తీసి ఈ పరీక్ష చేయుదుమనినచో అడ్డు చెప్పకుఁడు. పుట్టుకతో గ్రంథి లోపించిన బిడ్డకు మొదటి రెండు వారములలో మందు మొదలిడినచో బుద్ధిమాంద్యమును తప్పింపవచ్చును. ఆలసించినచో ఆ నష్టము తీరునది కాదు.

పాత కాగితములను పాఱవేయక తేదీల వరుసను దాఁచి యుంచుఁడు. ఒకనాఁటి అంకెకంటె అంకెల నడక వైద్యునికి ఎక్కువ తెలుపును. మీ మాట ఇంటిల్లిపాదియు విందురు గనుక, ఈ సంగతులను పదిమందికిఁ దెలుపుఁడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.