లినక్స్ మీద పెద్ద ఆటలు: ఆడనివి, ఆడనివ్వనివి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 వేసుకోవాలంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న జాబితాలో ఉండాలి. ఏడెనిమిదేళ్ల కిందట ముచ్చటపడి కొనుక్కున్న మెషిన్లు చాలా ఈ పరీక్షలో తప్పాయి. వాటిలో గ్రాఫిక్స్ కార్డు బాగానే ఉంటుంది, ర్యామ్ సరిపడా ఉంటుంది, పారేయడానికి మనసొప్పదు. అలాంటప్పుడు స్నేహితులెవరో లినక్స్ వేసుకోమని సలహా ఇస్తారు. వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: మరి గేమ్స్ ఆడతాయా?

పదేళ్ల కిందటైతే ఒక్క ముక్కలో ఆడవు అని చెప్పేవాళ్లం. ఇవాళ ఆ జవాబు చెల్లదు. అలాగని అన్నీ ఆడతాయి అంటే అదీ నిజం కాదు. నేను చెప్పేది పేకాట, చదరంగం లాంటి చిన్న ఆటల గురించి కాదు. సైబర్‌పంక్ 2077, ఎల్డెన్ రింగ్, బాల్డర్స్ గేట్ 3 లాంటి, ఖరీదైన కార్డుకు కూడా చెమటలు పట్టించే ఆటల గురించి. వీటి విషయంలో లినక్స్ ఎంత దూరం వచ్చింది, ఎక్కడ ఆగింది, ఆగినచోట అడ్డు ఎవరు అన్నది కొంచెం ఓపికగా చూడాలి.

ముందుగా అసలు చిక్కు ఏమిటో చెబుతాను. విండోస్ కోసం తయారైన ఆట రెండు రకాల పనులు చేస్తుంది. మొదటిది లెక్కలు. శత్రువు ఎటు కదలాలి, బాణం ఎక్కడ తగలాలి, గోడ కూలితే రాళ్లు ఎలా దొర్లాలి, ఇవన్నీ ప్రాసెసర్‌కు నేరుగా వెళ్లే ఆదేశాలు. ఇంటెల్ ప్రాసెసరైనా ఏఎండీ ప్రాసెసరైనా, పైన విండోస్ ఉందా లినక్స్ ఉందా అన్నదానితో సంబంధం లేకుండా ఆ ఆదేశాలను ఒకేలా అమలు చేస్తుంది. రెండోది ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగడం. ఈ ఫైలు తెరువు, ఏ మీట నొక్కారో చెప్పు, ఈ శబ్దం వినిపించు, ఈ బొమ్మ గీయి. విండోస్ ఆట వీటిని విండోస్ పద్ధతిలో అడుగుతుంది. లినక్స్‌కు ఆ అడిగే తీరు అర్థం కాదు. చిక్కంతా ఈ రెండో పనిలోనే ఉంది.

పక్క ఊరి పెళ్లికి వంటమాస్టారును పిలిపించారనుకోండి. కూరలు తరగడం, పోపు పెట్టడం, పులిహోర కలపడం ఆయన చేతిలో ఉన్న విద్య, ఊరు మారితే అది మారదు. ఆ ఇంట్లో గిన్నెలెక్కడో, ఉప్పెక్కడో మాత్రం ఆయనకు తెలియదు. ఆ ఇంటి మనిషి ఒకరు పక్కన నిలబడి అడిగింది అడిగినట్టు అందిస్తే వంట ఎప్పటి వేగంతోనే సాగుతుంది. లినక్స్‌లో ఆ ఇంటి మనిషి పని చేసేది వైన్ అనే సాఫ్ట్‌వేర్. ఆటను మొత్తంగా మరో భాషలోకి మార్చదు, ఆట అడిగినవాటికి లినక్స్ తరఫున జవాబులు ఇస్తుంది. విండోస్ ఆట లినక్స్ మీద నడిస్తే వేగం సగానికి పడిపోతుందని చాలామంది అనుకోవడం ఈ తేడా తెలియకనే.

వైన్ 1993లోనే మొదలైంది. అయినా పెద్ద ఆటలు పాతికేళ్లు అందకుండా ఉండిపోవడానికి కారణం ఆ చివరి కోరిక, బొమ్మ గీయమనడం. విండోస్ ఆటలు బొమ్మలు గీయడానికి మైక్రోసాఫ్ట్ వారి డైరెక్ట్‌ఎక్స్‌ను వాడతాయి. తెరమీద కనిపించే ఒక్కో దృశ్యానికి వేల పిలుపులు వెళ్తాయి, అలాంటి దృశ్యాలు సెకనుకు 60, ఒక్కోసారి 120 కావాలి. వైన్ వాటిని ఓపెన్‌జీఎల్ అనే పాత పద్ధతిలోకి మార్చేది. ఆ రెండింటి నడకలు కలవక ఆట తడబడేది. 2016 ఫిబ్రవరిలో క్రోనోస్ కూటమి వల్కన్ అనే కొత్త పద్ధతిని విడుదల చేశాక దారి తెరుచుకుంది. గ్రాఫిక్స్ కార్డుకు బాగా దగ్గరగా పనిచేసే వల్కన్ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఒకేలా దొరుకుతుంది. ఫిలిప్ రెబోలె అనే ప్రోగ్రామర్ నియర్ ఆటోమాటా అనే ఆటను లినక్స్‌లో ఆడుకోవాలన్న కోరికతో డైరెక్ట్‌ఎక్స్ 11 పిలుపులను వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకేను రాయడం మొదలుపెట్టాడు. స్టీమ్ అనే ఆటల అంగడిని నడిపే వాల్వ్ కంపెనీ అతన్ని పనిలో పెట్టుకుంది. వైన్‌నూ డీఎక్స్‌వీకేనూ మరికొన్ని సవరణలనూ కలిపి 2018 ఆగస్టులో ప్రోటాన్ పేరుతో స్టీమ్‌లోనే అమర్చింది. డైరెక్ట్‌ఎక్స్ 12 ఆటలకు వీకేడీ3డీ ప్రోటాన్ అనే మరో భాగం తోడైంది.

వాల్వ్‌కు లినక్స్ మీద ఇంత ఆసక్తి ఎందుకన్నది తెలుసుకోవాల్సిన సంగతి. 2012లో విండోస్ 8తోపాటు మైక్రోసాఫ్ట్ సొంత యాప్ స్టోర్ వచ్చింది. విండోస్‌లో ఆటలు అమ్ముకునే కంపెనీకి అది ప్రాణసంకటం. రేపు తలుపు మూసేస్తే వెళ్లడానికి మరో ఇల్లు ఉండాలని వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ అనుకున్నాడు. 2013 ఫిబ్రవరిలో లినక్స్‌కు స్టీమ్ వచ్చింది. అంతకుముందే వాల్వ్ తన లెఫ్ట్ 4 డెడ్ 2 ఆటను పరీక్షించి చూసింది. ఒకే మెషిన్ మీద విండోస్ 7లో సెకనుకు 270.6 దృశ్యాలు వస్తే, ఉబుంటు అనే లినక్స్‌లో 315 వచ్చాయి. లినక్స్ సహజంగా నెమ్మది కాదని అప్పుడే తేలిపోయింది.

కానీ ఆ తర్వాత వేసిన అడుగు తడబడింది. 2015 నవంబరులో స్టీమ్ మెషిన్ల పేరుతో వేర్వేరు కంపెనీలు లినక్స్ గేమింగ్ పెట్టెలను అమ్మకానికి పెట్టాయి. ఆటల తయారీదారులు తమ ఆటలను లినక్స్‌కు తగ్గట్టు మళ్లీ తయారుచేస్తారని వాల్వ్ ఆశించింది. కొందరు చేశారు, ఎక్కువమంది చేయలేదు. పెట్టెలు అమ్ముడుపోలేదు. అంతకుముందు లోకీ సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీకీ ఇదే జరిగింది. 1998లో పుట్టి, పేరున్న ఆటలను ఒక్కొక్కటిగా లినక్స్‌కు తెచ్చి, 2002 కల్లా మూతపడింది. ఆడేవాళ్లు లేరని ఆటలు రావు, ఆటలు లేవని ఆడేవాళ్లు రారు. ఈ ముడిని విప్పింది ప్రోటానే. ఆట తయారుచేసినవాళ్లను ఏమీ అడగక్కర్లేకుండా చేసింది. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే. ఎవరి అనుమతీ అక్కర్లేని చోటల్లా లినక్స్ గేమింగ్ పరుగెత్తింది. అనుమతి కావాల్సిన చోటల్లా ఇవాళ్టికీ ఆగి నిలబడి ఉంది.

పరుగెత్తిన చోటుకు మంచి ఉదాహరణ ఎల్డెన్ రింగ్. 2022 ఫిబ్రవరి 25న విడుదలైన రోజున విండోస్‌లో ఆడినవాళ్లు మధ్యమధ్యలో ఆట కుదుపులు ఇస్తోందని గొడవపెట్టారు. చేతిలో పట్టే స్టీమ్ డెక్ కొనుగోలుదారులకు అందడం అదే నెలలో మొదలైంది. దానిలో ఉన్నది లినక్సే. ఆట గ్రాఫిక్స్ మెమొరీని అడిగే తీరులో ఉన్న లోపాన్ని వాల్వ్ ఇంజినీర్లు ప్రోటాన్ వైపు నుంచే సర్దారు. విండోస్ కోసం తయారైన ఆట కొన్నిచోట్ల విండోస్‌లోకన్నా లినక్స్‌లోనే సాఫీగా నడిచింది. మధ్యలో నిలబడి అందించేవాడికి తప్పులు దిద్దే వీలు కూడా ఉంటుందన్నమాట.

ఒక్కరే కూర్చుని ఆడుకునే పెద్ద ఆటల విషయంలో ఇప్పుడు సందేహించాల్సిన పని చాలావరకు లేదు. హార్డ్‌వేర్ ఎంపికలో మాత్రం జాగ్రత్త కావాలి. ఏఎండీ కార్డుల డ్రైవర్లు బహిరంగంగా రాసినవి, లినక్స్‌తోపాటే వస్తాయి, వాటి మీద వాల్వ్ ఇంజినీర్లే ఏళ్ల తరబడి పనిచేశారు. ఎన్‌విడియా డ్రైవర్ చాలాకాలం మూసిన పెట్టెగానే ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి భాగమైన కెర్నెల్‌లో కూర్చునే భాగాన్ని 2022 మేలో బయటపెట్టాక పరిస్థితి మెరుగుపడింది. డీఎల్‌ఎస్‌ఎస్, రే ట్రేసింగ్ లాంటి గ్రాఫిక్స్ సదుపాయాలు పనిచేస్తాయి. అయినా డైరెక్ట్‌ఎక్స్ 12 ఆటల్లో అదే కార్డు విండోస్‌లో ఇచ్చే వేగాన్ని లినక్స్‌లో పూర్తిగా ఇవ్వని సందర్భాలు చాలానే ఉన్నాయి. హెచ్‌డీఆర్ రంగులు 2024లో వచ్చిన కేడీఈ ప్లాస్మా 6 అనే లినక్స్ డెస్క్‌టాప్ నుంచి మామూలు డెస్క్‌టాప్‌లో కూడా వాడుకోగలిగే స్థితికి వచ్చాయి.

ఖరీదైన టీవీకి కంప్యూటర్ కలిపి 4కే బొమ్మను సెకనుకు 120 దృశ్యాల చొప్పున చూడాలనుకునేవాళ్లకు మరో అడ్డు ఉంది. అందుకు హెచ్‌డీఎంఐ 2.1 కావాలి. ఏఎండీ దానికి బహిరంగ డ్రైవర్ రాసి సిద్ధం చేసింది. హెచ్‌డీఎంఐ ఫోరం తన నిబంధనలు బయటపడతాయని దాన్ని విడుదల చేయనివ్వలేదని 2024 ఫిబ్రవరిలో తెలిసింది. కార్డుకు శక్తి ఉంది, కేబుల్‌కు ఉంది, టీవీకి ఉంది. లేనిది సంతకం. 2025 నవంబరులో వాల్వ్ ప్రకటించిన కొత్త స్టీమ్ మెషిన్ వివరాల్లో కూడా హెచ్‌డీఎంఐ 2.0 అనే రాసి ఉంది. డిస్‌ప్లేపోర్ట్ ఉన్న మానిటర్ వాడేవాళ్లకు ఈ బెడద లేదు.

అన్నిటికన్నా పెద్ద అడ్డు మోసాలను పట్టే సాఫ్ట్‌వేర్. పదిమందితో పోటీపడి ఆడే ఆటల్లో గోడల అవతల శత్రువును చూపించే, గురి దానంతటదే కుదిరేలా చేసే దొంగ ప్రోగ్రాములు ఉంటాయి. వాటిని పట్టడానికి యాంటీ చీట్ అనే కాపలా పెడతారు. వాలరెంట్ తయారుచేసిన రయట్ వారి వ్యాన్‌గార్డ్ లాంటివి విండోస్ కెర్నెల్‌లోకే వెళ్లి కూర్చుంటాయి. కెర్నెల్ అంటే మెషిన్‌లోని ప్రతి మూలనూ చూడగలిగే చోటు. వైన్ ఆట కోరికలు తీర్చగలదు కానీ లేని విండోస్ కెర్నెల్‌ను పుట్టించలేదు. కాబట్టి వాలరెంట్ లినక్స్‌లో ఆడదు. 2024లో వ్యాన్‌గార్డ్‌ను జోడించాక లీగ్ ఆఫ్ లెజెండ్స్ కూడా ఆగిపోయింది.

ఇది అసాధ్యం కాబట్టి జరగడం లేదంటే ఊరుకోవచ్చు. కానీ బ్యాటిల్‌ఐ, ఈజీ యాంటీ చీట్ అనే రెండు పెద్ద కాపలా వ్యవస్థలు 2021 సెప్టెంబరులోనే ప్రోటాన్‌తో పనిచేసే ఏర్పాటు చేశాయి. ఆట యజమాని సరే అంటే చాలు. గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆన్‌లైన్‌లోకి 2024 సెప్టెంబరులో బ్యాటిల్‌ఐ వచ్చింది, లినక్స్‌కు ఆ అనుమతి ఇవ్వలేదు. అప్పటిదాకా ఆడుతున్నవాళ్లకు తలుపు మూసుకుంది, కథా భాగం ఒక్కటే మిగిలింది. ఈజీ యాంటీ చీట్ ఎపిక్ కంపెనీదే. ఆ కంపెనీ సొంత ఆట ఫోర్ట్‌నైట్‌కు లినక్స్‌లో చోటు లేదు. ఏపెక్స్ లెజెండ్స్ కొంతకాలం అనుమతి ఇచ్చి, 2024 అక్టోబరు చివర్లో వెనక్కి తీసుకుంది.

అనుమతి ఇవ్వని కంపెనీల వాదనను కొట్టిపారేయలేం. లినక్స్ కెర్నెల్‌ను ఎవరైనా తమకు నచ్చినట్టు మార్చి కట్టుకోవచ్చు, అదే దాని గొప్పదనం. మార్చిన కెర్నెల్ కాపలావాడికి అబద్ధం చెప్పగలదు. మోసగాళ్లతో విసిగిపోయిన నిజాయితీ ఆటగాడి గోడు కూడా వినాల్సిందే. అయినా కెర్నెల్‌లో కూర్చునే సాఫ్ట్‌వేర్ ఎంత ప్రమాదమో 2024 జూలై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌లో ఒక్క తప్పు నవీకరణతో 85 లక్షల విండోస్ మెషిన్లు నీలితెరతో కూలబడ్డాయి, విమానాలు నిలిచిపోయాయి. ఆ తర్వాత మైక్రోసాఫ్టే భద్రతా సాఫ్ట్‌వేర్‌ను కెర్నెల్ బయటికి తీసుకొచ్చే పని చేపట్టింది. అది ఆటల కాపలాదారులకూ వర్తిస్తే లినక్స్‌కు ఎదురుగా ఉన్న గోడ కొంత పలచబడుతుంది. కొంత మాత్రమే.

మిగతాది లెక్కల మీద ఆధారపడుతుంది. వాల్వ్ నెలనెలా చేసే సర్వేలో 2018లో లినక్స్ వాటా ఒక శాతం కూడా లేదు. 2025 అక్టోబరులో అది తొలిసారి 3 శాతం దాటింది. వందలో ముగ్గురి కోసం పరీక్షలు చేసి, ఫిర్యాదులు విని, కొత్త మోసాలు కాచుకోవడం ప్రచురణకర్తకు ఖర్చే తప్ప రాబడి కాదు. కొత్త స్టీమ్ మెషిన్, లెనోవో లీజియన్ గో ఎస్ లాంటి, వాల్వ్ వారి లినక్స్ అయిన స్టీమ్ఓఎస్‌తో వచ్చే పరికరాలు ఆ ముగ్గురిని పదిమందిని చేస్తే కొందరైనా సరే అంటారని నా నమ్మకం. ఈ ఎదుగుదల అంతా ఒక్క వాల్వ్ డబ్బు మీద నిలబడటం మాత్రం నన్ను కలవరపెడుతుంది. ప్రోటాన్, డీఎక్స్‌వీకే కోడ్ బహిరంగంగా ఉంది కాబట్టి వాల్వ్ రేపు మనసు మార్చుకున్నా అవి మాయమైపోవు. జీతమిచ్చి రోజూ వాటి మీద పనిచేయించేవాళ్లు ఎవరన్నదే ప్రశ్న.

ఇప్పుడు లినక్స్‌కు మారాలా అని ఆలోచిస్తున్నవాళ్లు ముందు తాము రోజూ ఆడే ఆట పేరు ప్రోటాన్‌డీబీ అనే సైటులో వెతికి చూసుకోవాలి. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 లినక్స్‌కే నేరుగా తయారైనవి, దిగుల్లేదు. వాలరెంట్, ఫోర్ట్‌నైట్, బ్యాటిల్‌ఫీల్డ్ 6 మీ ప్రాణమైతే విండోస్‌ను తీసేయకండి. మెషిన్‌లో చోటుంటే లినక్స్‌కు విడిగా మరో ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవడం మేలు, రెండూ ఒకే డిస్కు మీద ఉంటే విండోస్ నవీకరణలప్పుడు బూట్ చిక్కులు రావచ్చు. విండోస్ డిస్కులో ఉన్న ఆటలనే లినక్స్ నుంచి నడపాలని చూడకుండా లినక్స్ డిస్కులో మళ్లీ దింపుకోండి. విండోస్ డిస్కు ఫైల్ పద్ధతి ప్రోటాన్‌కు సరిపడక చాలామంది మొదటిరోజే విసిగి వెనక్కి వెళ్లిపోతున్నారు.