మేట

కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి ఒండ్రు అంటే మంచి మాట. నది తెచ్చిపెట్టే సారం. అదే ఒండ్రు వంటింట్లో నడుము లోతున మేట వేసి, రెండు నెలలు ఎండి, పార దిగనంత గట్టిపడితే ఎలా ఉంటుందో న్యూజీలాండ్ వచ్చాకే చూశాను.

2023 ఫిబ్రవరి 13 రాత్రి గాబ్రియేల్ తుపాను హాక్స్ బే మీద విరుచుకుపడింది. మర్నాడు దేశమంతటికీ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ఇక్కడి చరిత్రలో అలా చెయ్యడం అది మూడోసారి. మొత్తం 11 మంది పోయారు. నేపియర్‌కి ఉత్తరాన ఎస్క్ నది పొంగి లోయలోని ద్రాక్షతోటల్నీ, ఇళ్ళనీ, రైలు పట్టాల్నీ మట్టితో కప్పేసింది. జనం చీకట్లో ఇంటికప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. 1938 ఏప్రిల్లో కూడా ఈ లోయలో పెద్ద వరదొచ్చి మేట వేసింది.

మా ఆఫీసులో ఒకాయన చర్చి తరఫున మిషన్ టీం తీసుకెళ్తున్నాడని తెలిసి, ఏప్రిల్ చివర్లో నేనూ బయల్దేరాను. "నేను చర్చికి వెళ్ళేవాణ్ణి కాదు, పర్వాలేదా?" అంటే "పార పట్టడం వచ్చా?" అనడిగాడు. మిషన్ అన్న మాట వినగానే మనలో కొందరికి అనుమానం. పొద్దున్నే వాళ్ళు ఒక్క నిమిషం ప్రార్థన చేసుకునేవారు, నేను గంబూట్లు వేసుకునేవాణ్ణి. మతం సంగతి అంతవరకే.

టీంలో కచ్చితమైన నియమం ఒకటుంది. ఇంటివాళ్ళని అడక్కుండా ఏ వస్తువూ చెత్తకుప్పలో వెయ్యకూడదు. మాకిచ్చిన ఇల్లు డెబ్బై దాటిన ఒంటరి పెద్దావిడది. గోడల జిబ్ బోర్డులు పీకేశాం. చెక్క ఇల్లు కదా, నేలకింద మూరెడు ఖాళీ ఉంటుంది, అందులోనూ మట్టే. బక్కగా ఉన్నానని నన్ను అందులోకి పంపారు. బోర్లా పడుకుని చిన్న పారతో గీకి బకెట్లోకి ఎత్తడం, బకెట్ బయటికి తోయడం. సాయంత్రానికి మెడ తిరిగేది కాదు.

వంటింటి అలమరలో సీసాల్లో పెట్టిన పీచ్ పళ్ళు దొరికాయి, 17 సీసాలు. వరదనీళ్ళు తగిలిన తిండి ఏదైనా పారేయాల్సిందే, ఆ నీళ్ళలో మురుగు కూడా కలుస్తుంది. ఆవిడ ఒక్కో సీసా మూత తీసి తనే ఒంపేసింది, సీసాలు మాత్రం కడిగి దాచుకుంది. మేం ఎనిమిదిమందిమీ పని ఆపి నిలబడ్డాం. మా అమ్మ ఆవకాయ జాడీల మధ్య పెరిగినవాడికి అది వేరే చెప్పక్కర్లేదు.

మా తాతగారిది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత మొదటి వారంలో వచ్చినవాళ్ళు శవాలు తీశారు, వాళ్ళకి దండం పెట్టాలనేవాడు. కానీ ఆయన పదేపదే చెప్పింది, టీవీలూ పేపర్లూ మర్చిపోయాక, ఎండల్లో ఉప్పెక్కిన పొలాల దగ్గరికి వచ్చినవాళ్ళ గురించి. ఎస్క్‌లోనూ అంతే. మొదట్లో కార్ల బారులట, మేం వెళ్ళేసరికి ఆ వీధిలో మా వ్యాన్ ఒక్కటే.

ఇంత చేశాక ఆ ఇల్లు నిలుస్తుందా అన్నది అప్పటికి ఎవరికీ తెలీదు. 2011 ఫిబ్రవరి 22 భూకంపంలో క్రైస్ట్‌చర్చ్‌లో 185 మంది చనిపోయారు. నేల ద్రవంలా మారి వీధుల్లోకి బురద ఉబికింది. శామ్ జాన్సన్ మొదలుపెట్టిన స్టూడెంట్ వాలంటీర్ ఆర్మీలో వేలమంది కుర్రాళ్ళు దాన్ని ఎత్తిపోశారు. తర్వాత ప్రభుత్వం దాదాపు 8,000 ఆస్తులున్న ప్రాంతాన్ని రెడ్ జోన్ అంది, చాలావరకు కొని కూల్చేసింది. కుర్రాళ్ళు శుభ్రం చేసిన ఇళ్ళూ అందులో పోయాయి. మా టీం లీడర్ అప్పుడక్కడ పార పట్టినవాడే. తెలిసీ మళ్ళీ వచ్చాడు.

ఆఖరి రోజు పెద్దావిడ గంబూట్లు విప్పి, సాక్సులతో గది గదీ తిరిగింది. "ఆ రాత్రి కిటికీలోంచి పారిపోయాను. ఈసారి తలుపులోంచి వెళ్తాను," అంటూ తాళం వేసింది.

జూన్‌లో కేటగిరీలు ప్రకటించారు. వరద ముప్పు తగ్గించడం సాధ్యం కాని స్థలం మూడో కేటగిరీ. యజమాని ఒప్పుకుంటే ప్రభుత్వమూ కౌన్సిలూ కలిసి ఇల్లు కొనేవి, అక్కడ మళ్ళీ కాపురం ఉండకూడదు. ఆవిడది అందులోకే వచ్చింది. ఫోన్ చేస్తే ఏడుస్తుందనుకున్నాను. సీసాలు 17 కూతురింట్లో భద్రంగా ఉన్నాయని, వచ్చే వేసవికి పీచ్‌లు మాత్రం కొనుక్కోవాలని, వాటి ధరలు మండిపోతున్నాయని చెప్పింది.