బుట్టలో పడని బంతుల లెక్క

మన వార్షిక సంచికలో కథలూ, గేయాలూ, పెద్దల సందేశాలూ ఎలాగూ ఉంటాయి గనక ఒకటి రెండు పేజీలు లెక్కలకు ఇవ్వమని సంపాదకవర్గాన్ని అడిగాను. భయపడకండి, కూడికలూ భాగహారాలూ దాటి పోను. మూడేళ్ళుగా మన బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన బల్ల వేసుకుని స్కోరు రాస్తున్నవాణ్ణి కాబట్టి నాకీమాత్రం అర్హత ఉందనుకుంటున్నాను.

అధికారిక స్కోరు షీటు చూసినవాళ్ళు మనలో తక్కువ. రెండు పాయింట్ల బుట్ట పడితే అడ్డగీత, మూడు పాయింట్లదైతే ఆటగాడి నంబరు చుట్టూ సున్నా, ఫ్రీ త్రో పడితే నల్లచుక్క. ఆటలో విసిరి పోగొట్టిన బంతికి మాత్రం ఆ కాగితం మీద చోటే లేదు! మర్నాడు క్యాంటీన్లో "వాడు ఇరవై రెండు కొట్టాడ్రా" అనుకుంటాం. ఆ ఇరవై రెండుకు ఎన్ని బంతులు ఖర్చయ్యాయని ఒక్కడూ అడగడు.

మన పర్చూరు ప్రాంతంలో ఏ రైతూ ఇలా లెక్కగట్టడు. కల్లంలో మిరపకాయలు ఎండాక తాలు కాయ వేరుచేసి, అదెంత పోయిందో కూడా చూసుకుంటాడు. పత్తి జిన్నింగు మిల్లుకు చేరితే ఎన్ని బోరాలని కాదు, నూరు కిలోలకు దూది ఎంత దిగిందని అడుగుతారు. అది మూడోవంతు, ఆపైన కాస్త. బాస్కెట్‌బాల్‌కు కూడా కావలసింది ఆ దిగుబడి లెక్కే.

ఇది ఊసుపోని లెక్క అనుకోకండి. జట్టులో పన్నెండుమందికే చోటు. ఆ పన్నెండులో ఉంటే అంతర కళాశాలల పోటీలు, సర్టిఫికెట్టు, అదృష్టం బాగుంటే యూనివర్సిటీ జట్టు, ఆపైన క్రీడల కోటా. కొంతమందికి చదువు ముందుకు సాగే దారి అదొక్కటే. అలాంటి చోటును సగం నిండిన కాగితం చూసి పంచడం నాకు నచ్చదు.

ఇక లెక్కలోకి వద్దాం. అంకెలు తేలిక కోసం నేనే వేస్తున్నాను. ఒకడు పది షాట్లు వేస్తే అయిదు పడ్డాయి, అన్నీ రెండు పాయింట్లవే. ఇంకొకడు పదిలో నాలుగే వేశాడు, కాని అందులో మూడు గీత బయటనుంచి. మామూలు శాతం చూస్తే మొదటివాడిది యాభై, రెండోవాడిది నలభై. పాయింట్లు కూడండి: మొదటివాడికి పది, రెండోవాడికి పదకొండు! అందుకని మూడు పాయింట్ల బుట్టను ఒకటిన్నర బుట్టగా లెక్కిస్తారు. అప్పుడు రెండోవాడిది యాభై అయిదు శాతం. దీన్నే ఎఫెక్టివ్ ఫీల్డ్ గోల్ శాతం అంటారు. మన పూర్వ విద్యార్థుల్లో పెద్దవాళ్ళకు ఈ గొడవ లేదు. మూడు పాయింట్ల గీత అంతర్జాతీయ నిబంధనల్లోకి వచ్చిందే 1984లో. అప్పుడది 6.25 మీటర్లు, 2010 నుంచి 6.75 మీటర్లు.

మరి ఫ్రీ త్రోల మాటేమిటి? దానికి ట్రూ షూటింగ్ అని ఇంకో కొలత ఉంది. వేసిన ఫ్రీ త్రోలను 0.44తో గుణించి షాట్లకు కలపండి, ఆ మొత్తాన్ని రెట్టింపు చేసి, దానితో పాయింట్లను భాగించండి. ఈ 0.44 ఎక్కడిదని మా గణితశాస్త్ర మిత్రుడొకడు నన్ను నిలదీశాడు. సాధారణంగా రెండు ఫ్రీ త్రోలకు జట్టు అవకాశం ఒకటి ఖర్చవుతుంది, అంటే ఒక్కోదానికి సగం. కాని బుట్ట పడుతుండగా ఫౌలైతే దక్కే అదనపు ఫ్రీ త్రోకు కొత్త అవకాశమేమీ ఖర్చు కాదు, టెక్నికల్ ఫౌలుకు వచ్చేదీ అంతే. అందుకే సగంకన్నా కాస్త తగ్గింది. అమెరికా ప్రొఫెషనల్ ఆటల రికార్డులనుంచి తీసిన సగటు అది. చేత్తో లెక్క రాసుకునే మనం సగటు వాడకుండా ఖర్చయిన అవకాశాలనే నేరుగా రాసుకోవచ్చు.

రెండు ప్రసిద్ధ ఆటలమీద దీన్ని ప్రయోగించి చూశాను. 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లెయిన్ ఒకే ఆటలో 100 పాయింట్లు చేశాడు: 63 షాట్లలో 36, 32 ఫ్రీ త్రోలలో 28. 2006 జనవరి 22న కోబీ బ్రయంట్ 81 చేశాడు: 46 షాట్లలో 28, అందులో ఏడు మూడు పాయింట్లవి, 20 ఫ్రీ త్రోలలో 18. మామూలు శాతాలు 57, 61. పెద్ద తేడా లేదు. ట్రూ షూటింగ్ చూస్తే చాంబర్లెయిన్‌ది 65, బ్రయంట్‌ది 74. వంద గొప్పదే, ఎవరు కాదన్నారు? కాని బంతికి బంతి చూస్తే ఎనభై ఒకటిదే పైచేయి.

అలాగని ఒక్క ఆట చూసి శాతాలు పట్టుకుని ఊరేగకూడదు. నిజంగా సగానికి సగం వేయగలవాడు కూడా పది షాట్లలో మూడో, అంతకు తక్కువో వేసే అవకాశం నూటికి పదిహేడు పాళ్ళుంది. బొమ్మా బొరుసూ వేసి చూడండి, తెలుస్తుంది. అదే నూరు షాట్లయితే నలభైకీ అరవైకీ మధ్య ఉంటాడని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు. "అన్నా, నిన్న పదిలో మూడే పడ్డాయి, నన్ను తీసేస్తారా?" అని దిగులుపడే తమ్ముళ్ళకు ఈ పేరా అంకితం.

మన పి.డి. గారిది ఇంకో పట్టు. "ఎవడికి ఎవడు అడ్డం పడుతున్నాడో కూడా చూడవోయ్" అంటారు. అదీ నిజమే. అవతలి జట్టు మేటి డిఫెండరు ఎప్పుడూ మన మేటివాణ్ణే పట్టుకుంటాడు. ఎవరూ పట్టించుకోని కుర్రాడు రింగు కింద నిలబడి నాలుగు తేలిక బుట్టలు వేసి ఎనభై శాతం తెచ్చుకోవచ్చు. వాడిచేత ఇరవై షాట్లు వేయిస్తే ఆ శాతం నిలుస్తుందా? సాధారణంగా నిలవదు. అందుకే నా నోటుబుక్కులో ప్రతి షాటుకూ నాలుగు గడులున్నాయి: నంబరు, గీత లోపలా బయటా, పడిందా లేదా, ఎదురుగా చెయ్యి ఉందా లేదా. సాయంత్రం ఎదురుగాలి ఉన్న రోజు పేజీపైన ఆ సంగతి కూడా రాస్తాను.

రెండో సంవత్సరం చదివే తమ్ముడొకడు ఉన్నాడు. పెద్దగా మాట్లాడడు, స్కోరు షీటులో ఎప్పుడూ అయిదో ఆరో కనిపిస్తాడు. నా పుస్తకంలో వాడివి ఇప్పటికి డెబ్భై మూడు షాట్లున్నాయి. సెలక్షన్లలోగా ఇంకో ఇరవై ఏడు రాయాలి.