చదునైన రేకు తొట్టి యగు విధము

రేకు తొట్టి చేయించునపుడు మన రైతు సోదరులు రేకు వెలకును కూలికిని బేరమాడుదురే గాని, రేకును ఎట్లు కోయుచున్నారో గమనింపరు. లాభనష్టములు రెండును ఆ కోతయందే కలవు.

90 సెంటీమీటర్ల చదరపు రేకు నొకదానిని తీసికొందము. నాలుగు మూలలనుండియు సమానమైన చిన్న చదరములను కోసి తీసివేసి, మిగిలిన రెక్కలను పైకి మడిచినచో మూతలేని తొట్టి యగును. కోసిన చదరము 5 సెంటీమీటర్లదైన తొట్టి 32 లీటర్లు పట్టును; 10 అయిన 49; 15 అయిన 54; 20 అయిన 50; 30 అయినచో 27 మాత్రమే. రేకు ఒక్కటే, వెలయు నొక్కటే. పట్టు మాత్రము సగమునకు పడిపోవుచున్నది. రేకు భుజములో ఆరవవంతు కోసినపుడే తొట్టి అత్యధికముగా పట్టునని గణితము వలన తేలుచున్నది. లోతు కావలసినవారు 20 కోయించుకొనవచ్చును. తగ్గునది 4 లీటర్లే. 30 కోసినచో రేకులో తొమ్మిదింట నాలుగు పాళ్లు ముక్కలుగా పోవును. ఆ ముక్కలు ఎవరివో ముందుగానే మాటలాడుకొనుట మంచిది.

అసలు మూలలు కోయుట ఎందులకు? నాలుగు చదరములు ఒక బిందువు చుట్టును చేరినచో నాలుగు తొంబదులు 360 డిగ్రీలు నిండి, ఆ చోటు చదునుగానే యుండును. ఒకదానిని తీసివేసిన 270 మిగులును. ఆ ఖాళీని మూసినపుడే రేకు లేచి మూల కట్టును. మూతతోడి ఘనపు పెట్టెకు ఆరు చదరములు వలయును. ఆరింటిని అంచున కంచు చేర్చి 35 విధములుగా పరువవచ్చును గాని, పెట్టెగా మూసికొనునవి 11 మాత్రమే. వరుసకు మూడు చొప్పున రెండు వరుసలు పేర్చినది చూపునకు చక్కగానుండును గాని పెట్టె కాదు. కారణము పైన చెప్పినదే.

ఇట్లు ఘనాకృతులను విప్పి చదునుగా గీసిన పటములను జర్మనీ దేశపు చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1525లోనే తన కొలతల గ్రంథమున అచ్చొత్తించెను. మనమును రేకు కోయుటకు ముందు దళసరి కాగితముపై గీసి, కోసి, మడిచి చూచుకొనవలెను. కాగితము చెడిన నష్టము లేదు. అతుకులకు విడువవలసిన అంచును కూడ అప్పుడే గుర్తించుకొనవచ్చును.

నీటి తొట్టికైనచో మూలలను కోయకుండుటయే మేలు. మూల చదరమును కర్ణము వెంబడి మడిచి, ఆ చెవిని ప్రక్క రెక్కకు ఆనించి కొట్టింపవలెను. అచ్చట అతుకు లేదు గనుక నీరు కారదు. పలుచని రేకునకే ఇది సాధ్యము. దళసరి రేకునకు కోతయు అతుకును తప్పవు.