పాత కంప్యూటర్‌ను పనిలో నిలిపిన మింట్

1991 జనవరిలో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వాయిదాల మీద ఒక కంప్యూటర్ కొనుక్కున్నాడు. ఇంటెల్ 386 ప్రాసెసర్, 33 మెగాహెర్ట్జ్ వేగం, 4 మెగాబైట్ల మెమరీ. ఇవాళ ఫోన్‌తో తీసే ఫొటో ఒక్కటి చాలు ఆ మెమరీ నిండిపోవడానికి. ఆ యంత్రం లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న పట్టుదలతో అతను రాసుకుంటూ పోయిన ప్రోగ్రామే లైనక్స్. ఆగస్టు 25న తోటి ఔత్సాహికులకు ఈ సంగతి చెబుతూ, సరదాకి చేస్తున్న పని, పెద్దగా ఎదిగేదేమీ కాదు అన్నాడు. ఇప్పుడు ప్రపంచంలో అతివేగమైన 500 సూపర్‌కంప్యూటర్లూ దాని మీదే నడుస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నదీ అదే.

ఇంట్లో పుట్టిన ఈ ప్రోగ్రాం మామూలు ఇంటి కంప్యూటర్‌లోకి నిబ్బరంగా అడుగుపెట్టడానికి మాత్రం దాదాపు 15 ఏళ్లు పట్టింది. ఆ 15 ఏళ్ల కథ తెలిస్తే, మూలన పడేసిన పాత కంప్యూటర్‌కు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలన్న ప్రశ్నకు జవాబు చాలావరకు దొరుకుతుంది.

టోర్వాల్డ్స్ రాసింది కెర్నల్ ఒక్కటే. ఏ ప్రోగ్రాంకు ఎంత మెమరీ ఇవ్వాలి, ప్రాసెసర్‌ను ఎవరు ఎంతసేపు వాడుకోవాలి, డిస్క్ నుంచి ముందు ఏది చదవాలి అనే పంపకాలన్నీ చూసేది అదే. తెర మీద కనిపించేది దాని పని కాదు. చుట్టూ ఉండాల్సిన పనిముట్లను అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో మొదలుపెట్టిన గ్నూ ప్రాజెక్టు అప్పటికే తయారు చేస్తోంది. కోడ్‌ను ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టవచ్చు, అయితే పంచేటప్పుడు అందుకునేవాళ్లకూ అదే స్వేచ్ఛ ఇవ్వాలి అని చెప్పే గ్నూ లైసెన్సు కిందికి 1992లో లైనక్స్ కూడా వచ్చింది. కెర్నల్, పనిముట్లు, అవసరమైన ప్రోగ్రాంలు అన్నీ ఒకచోట కూర్చి ఇచ్చే సంకలనాలను డిస్ట్రోలు అంటారు. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ వాటిలో తొలితరానిది, ఇప్పటికీ బలంగా ఉన్నది.

ఆ రోజుల్లో వీటిని ఎక్కించడం ఇంజనీర్లకే సాగేది. మానిటర్ వివరాలు తప్పుగా ఇస్తే తెర నల్లగా ఉండిపోయేది. డిస్క్‌ను భాగాలు చేసేటప్పుడు పొరపాటు జరిగితే ఉన్న ఫైళ్లు పోయేవి. ఆ భయాన్ని తీసేసిన మనిషి జర్మనీకి చెందిన క్లౌస్ నాపర్ అని నా అభిప్రాయం. 2000లో ఆయన తెచ్చిన నాపిక్స్ ఒకే సీడీ నుంచి మొత్తం వ్యవస్థను నడిపించి చూపింది. 700 మెగాబైట్ల సీడీలో దాదాపు 2 జీబీ సాఫ్ట్‌వేర్‌ను కుదించి పెట్టి, ఎప్పుడు ఏది కావాలంటే దాన్ని అప్పటికప్పుడు విప్పుకునేలా ఏర్పాటు చేశాడు. హార్డ్‌డిస్క్‌ను ముట్టుకునే పనే లేదు. సీడీ తీసేసి మళ్లీ ఆన్ చేస్తే కంప్యూటర్ మునుపటిలాగే ఉండేది. ఎక్కించే ముందు వాడి చూడవచ్చు అన్న ఈ ఒక్క ఆలోచన లైనక్స్‌కు సామాన్యుడి ఇంటి తలుపు తెరిచింది.

2004 అక్టోబర్‌లో దక్షిణాఫ్రికా వ్యాపారవేత్త మార్క్ షటిల్‌వర్త్ అండతో ఉబుంటు అనే డిస్ట్రో వచ్చింది. అడిగినవాళ్లకు, మన దేశంతో సహా ఎక్కడికైనా, పైసా తీసుకోకుండా సీడీలు పోస్టులో పంపేది. డౌన్‌లోడ్ అంటే రాత్రంతా పట్టే కాలంలో అది ఎంత పెద్ద సాయమో ఆనాటి ఇంజనీరింగ్ విద్యార్థులను అడగండి. అయితే పేటెంట్ల చిక్కుల వల్ల ఉబుంటులో ఎంపీ3 పాట నేరుగా మోగేది కాదు, చాలా వీడియోలు ఆడేవి కావు. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి పూటే అక్కడ ఆగిపోయేవాళ్లు.

ఐర్లండ్‌లో ఉంటున్న ఫ్రెంచి ప్రోగ్రామర్ క్లెమెంట్ లెఫెవ్ర్ అప్పటికే లైనక్స్ కొత్తవాళ్ల కోసం పాఠాలు రాస్తున్నాడు. ఎవరు ఎక్కడ తడబడుతున్నారో అతనికి బాగా తెలుసు. 2006 ఆగస్టులో అతను విడుదల చేసిందే లైనక్స్ మింట్, తొలి విడత పేరు ఏడా. అదే ఏడాది నవంబర్లో ఉబుంటును పునాదిగా చేసుకుని వచ్చిన రెండో విడత బార్బరాలో పాటలు, వీడియోలు ఆడించే సరంజామా ముందే ఎక్కించి ఉంది. అంతకుమించి కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. మనిషి తడబడే చోట రాయి తీసి పక్కన పెట్టడమే మింట్ మొదటి గొప్పతనం, ఆ పని దానికి ఇప్పటికీ అలవాటే.

అసలు పరీక్ష 2011లో వచ్చింది. ఉబుంటు తదితర డిస్ట్రోల తెర అప్పటిదాకా గ్నోమ్ అనే డెస్క్‌టాప్. కింద ఒక పట్టీ, ఎడమ మూల మెనూ, తెరిచి ఉన్న కిటికీల వరస, కుడి మూల గడియారం ఉండే, విండోస్‌లో అలవాటైన అమరికకు దగ్గరగా ఉండేది. ఆ ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వచ్చి ఆ అమరికను ఎత్తేసింది. ఉబుంటు కూడా యూనిటీ పేరుతో తన దారిన కొత్త తెర తెచ్చింది. రెండింటికీ మంచి గ్రాఫిక్స్ చిప్ కావాలి. అంటే ఏళ్ల తరబడి చేతికి పట్టుబడిన అలవాటు, పాత యంత్రం రెండూ ఒకే దెబ్బకు పనికిరానివయ్యాయి. అర్జెంటీనాకు చెందిన ఒక వాడకందారు పాత గ్నోమ్ 2 కోడ్‌ను తీసుకుని మాటే పేరుతో కొనసాగించాడు. కోడ్ తెరిచి ఉండబట్టే అది సాధ్యమైంది, తయారుచేసినవాళ్లు వద్దనుకున్నా వాడేవాళ్లు కాపాడుకోగలిగారు. మింట్ బృందం ఆ మాటేను అక్కున చేర్చుకుంది. కొత్త గ్నోమ్ సాంకేతికత మీద పాత అమరికను మళ్లీ నిలబెడుతూ సినమన్ అనే డెస్క్‌టాప్ కూడా కట్టింది. 2012 మే నెలలో వచ్చిన మింట్ 13లో రెండూ ఉన్నాయి.

నా దృష్టిలో మింట్‌ను పాత కంప్యూటర్లకు తగినదిగా చేసింది ఈ నిర్ణయమే. తేలికగా నడవడం ఒక్కటే కొలత అయితే దానికన్నా తేలికైనవి చాలా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో బారీ కాలర్ 2003లో తెచ్చిన పప్పీ లైనక్స్ మొత్తంగా మెమరీలో కూర్చుని నడుస్తుంది. యాంటిఎక్స్ కూడా తేలికైనదే. కానీ పదేళ్లు విండోస్ వాడిన ఇంటి పెద్దలను వాటి ముందు కూర్చోబెడితే ప్రతి పనికీ పిలుస్తారు. మింట్ ముందు కూర్చోబెడితే మెనూ ఎక్కడుండాలో అక్కడే దొరుకుతుంది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిశాక ఈ ఎంపిక లక్షల ఇళ్ల ముందుకొచ్చింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్లనూ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌నూ అడుగుతుంది. 2015లో కొన్న లాప్‌టాప్ ఎంత బాగా పనిచేస్తున్నా ఆ గీత ఇవతలే ఉండిపోతుంది. చెడిపోని వస్తువును చెత్తలో వేయమనడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

అలాగని లైనక్స్ ఎంత పాత కంప్యూటర్ మీదైనా నడుస్తుంది అనే మాటను నమ్మి దిగవద్దు. తాను పుట్టిన 386 ప్రాసెసర్‌నే లైనక్స్ వదిలేసింది. 2012 డిసెంబర్లో ఆ భాగాన్ని కోడ్ నుంచి తీసేశారు. 32 బిట్ యంత్రాల పరిస్థితీ ఇప్పుడు అటే పోతోంది. మింట్ ప్రధాన విడుదలలు 2020 నుంచి 64 బిట్‌కే వస్తున్నాయి, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కూడా 32 బిట్ కంప్యూటర్లకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. కోర్ 2 డ్యుయో, ఆ వరసలో తర్వాతవైతే బెంగలేదు, అవన్నీ 64 బిట్‌వే. 2008 నాటి చిన్న నెట్‌బుక్‌లు, తొలి పెంటియం 4లు చాలావరకు కావు. వాటికి యాంటిఎక్స్ లాంటివే దిక్కు.

64 బిట్ అయితే తర్వాత చూడాల్సింది మెమరీ. మింట్ కనీసం 2 జీబీ అడుగుతుంది, హాయిగా ఉండాలంటే 4 జీబీ. డిస్క్‌లో కనీసం 20 జీబీ ఖాళీ. మింట్ మూడు రూపాల్లో దొరుకుతుంది: సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ. సినమన్ కిటికీలను గీయడానికి గ్రాఫిక్స్ చిప్ సాయం తీసుకుంటుంది. చిప్ పాతదై ఆ సాయం అందకపోతే గీసే భారమంతా ప్రాసెసర్ మీద పడి, మౌస్ కదిపినా బరువుగా ఉంటుంది. మిగతా రెండింటికి ఆ అవసరం లేదు. 4 జీబీ, అంతకు లోపు ఉన్న యంత్రానికి నేను ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపమే చెబుతాను. చూడటానికి కొంచెం సాదాగా ఉంటుంది, అంతే.

ఇక్కడ ఒక నిజం దాచకూడదు. పాత కంప్యూటర్ నెమ్మదించడానికి ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా పెద్ద కారణం లోపల తిరిగే హార్డ్‌డిస్క్. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే పళ్లెం ఒక చుట్టు పూర్తి చేయడానికి సెకనులో దాదాపు తొంభయ్యో వంతు పడుతుంది. కావలసిన సమాచారం సూది కిందికి రావడానికి సగటున అందులో సగం, సూది ఆ వరస మీదికి జరగడానికి ఇంకాస్త సమయం. మొత్తం లెక్కేస్తే చెల్లాచెదురుగా ఉన్న ముక్కలను సెకనుకు వంద కూడా చదవలేదు. తిరిగే పళ్లెం లేని ఎస్‌ఎస్‌డీ, చవకరకమైనా, అదే సెకనులో వేలల్లో చదువుతుంది. మెమరీ చాలనప్పుడు కెర్నల్ కొంత భాగాన్ని డిస్క్ మీదికి నెట్టి, కావలసినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. బ్రౌజర్‌లో ఏడెనిమిది పేజీలు తెరిచినప్పుడు యంత్రం గురక పెడుతూ బిగుసుకుపోయేది అందుకే. ఏ లైనక్స్ వేసినా బ్రౌజర్ ఆకలి తగ్గదు. కాబట్టి డబ్బు పెట్టగలిగితే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి, స్లాట్ ఖాళీగా ఉంటే మరో 4 జీబీ మెమరీ పెట్టించండి, ఆ తర్వాత మింట్.

ఎక్కించే ముందు వాడి చూడటానికి నాపిక్స్ చూపిన దారే ఇప్పటికీ దారి, సీడీ బదులు పెన్‌డ్రైవ్. మింట్ ఫైల్ 3 జీబీకి దగ్గరగా ఉంటుంది, 8 జీబీ డ్రైవ్ చాలు. ఎచర్, రూఫస్ లాంటి ప్రోగ్రాంతో దాన్ని డ్రైవ్ మీదికి రాయాలి, అందులో ఉన్నవన్నీ పోతాయి. అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. 2016 ఫిబ్రవరి 20న దుండగులు మింట్ సైట్‌లోకి చొరబడి, డౌన్‌లోడ్ లింకును దొంగదారి పెట్టిన నకిలీ ఫైల్‌కు మళ్లించారు. లెఫెవ్ర్ ఆ సంగతి దాచకుండా వెంటనే లోకానికి చెప్పాడు. ప్రతి విడుదలతో పాటు ఆ బృందం ఒక సరిపోలిక సంఖ్యను ప్రకటిస్తుంది. దించుకున్న ఫైల్ నుంచి లెక్కించిన సంఖ్య దానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఒక్క బిట్ మారినా కలవదు. ఇది వదిలేయకండి.

పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తూ ఎఫ్12 గానీ, మీ కంపెనీ పెట్టిన మరో మీట గానీ నొక్కితే ఎక్కడి నుంచి మొదలవ్వాలో అడుగుతుంది. రెండు మూడు నిమిషాల్లో డెస్క్‌టాప్ వస్తుంది. అప్పుడు వేగం చూడకండి, పెన్‌డ్రైవ్ నుంచి నడిచేది నెమ్మదిగానే ఉంటుంది. వైఫై పట్టిందా, శబ్దం వస్తోందా, కెమెరా, ప్రింటర్ పలుకుతున్నాయా, మూత మూసి తెరిస్తే మేలుకుంటోందా చూడండి. కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లు మొదట కనబడవు. ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి దాని ఇంటర్నెట్ ఇస్తే, మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ కావలసినది తెచ్చుకుంటుంది.

తెలుగు సంగతి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మింట్‌లో ముందే ఉంది, సెట్టింగుల్లో చేర్చుకుంటే చాలు. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసేవాళ్లకు ఐబస్, ఎం17ఎన్ అనే రెండింటినీ ఎక్కిస్తే ఆర్‌టీఎస్ పద్ధతి వస్తుంది. అది అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదివిన తెలుగు విద్యార్థులు యూనికోడ్ ఇంకా వాడుకలోకి రాని రోజుల్లో తయారు చేసినది, లైనక్స్‌లో ఈనాటికీ సజీవంగా ఉంది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌నే తెచ్చింది. మింట్ మెనూలను తెలుగులో పెట్టుకోవచ్చు గానీ అక్కడక్కడా ఇంగ్లిషు తొంగిచూస్తుంది.

డీటీపీ చేసేవాళ్లు, అంటే పేజ్‌మేకర్, అను ఫాంట్లతో బతుకుతున్నవాళ్లు, టాలీలో లెక్కలు రాసేవాళ్లు ఈ దారి పట్టవద్దు. వాళ్లు వాడే ఆ ప్రోగ్రాంలు విండోస్ మీద నడిచేవి, వాటిని ఇక్కడ బలవంతాన నడిపించాలని చూస్తే రోజువారీ పని దెబ్బతింటుంది. అలాంటి యంత్రంలో విండోస్‌ను ఉంచి, ఇంటర్నెట్‌కు దూరంగా పెట్టి, మింట్‌ను పక్క భాగంలో వేసుకోవచ్చు. ఉత్తరాలు, లెక్కల పట్టికలు, బ్రౌజర్, సినిమాలు, పిల్లల చదువు వరకైతే లిబ్రేఆఫీసు, ఫైర్‌ఫాక్స్ ముందే ఎక్కి ఉంటాయి. మింట్ 22వ సిరీస్‌కు 2029 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఏదైనా తేడా చేస్తే యంత్రాన్ని నిన్నటి స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్‌ను మాత్రం మొదటి రోజే పెట్టుకోండి.

ఇన్‌స్టాల్ నొక్కే ముందు, పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుండగానే, ఆ కంప్యూటర్ రోజూ వాడే మనిషిని కూర్చోబెట్టి బ్యాంకు పేజీ తెరవమనండి, ఒక ఫొటో వెతకమనండి, ఒక కాగితం ప్రింటు తీయమనండి. మీరు పక్కన ఉండండి గానీ మౌస్ తీసుకోకండి. ఆ మూడు పనులూ వాళ్లకు వాళ్లుగా చేసుకోగలిగితే అప్పుడు డిస్క్ మీదికి ఎక్కించవచ్చు.