వాదనకు బలం ఎక్కడిది?

బ్యాంకు పరీక్షలయినా, గ్రూపు పరీక్షలయినా ఈ రోజుల్లో డిగ్రీ చదివేవాళ్ళలో చాలామంది రాయవలసినవే. వాటిల్లో లాజికల్ రీజనింగ్ అనే భాగంలో ఒక రకం ప్రశ్న వస్తుంది. ముందు ఒక సమస్య ఇస్తారు: ఫలానా పని చేయాలా, వద్దా? దాని కింద చేయాలని ఒక వాదన, వద్దని ఇంకొక వాదన వుంటాయి. వాటిలో ఏది బలమైనదో మనం గుర్తించాలి. మొదటిదే కావచ్చు, రెండోదే కావచ్చు, రెండూ కావచ్చు, ఏదీ కాకపోవచ్చు.

చూడడానికి ఇది తేలికే. కాని లెక్కల్లో గట్టివాళ్ళనిపించుకున్న మిత్రులు కూడా ఇక్కడ మార్కులు పోగొట్టుకోవడం చూశాను. "నీది ఏ పక్షం?" అని ప్రశ్నలో అడగలేదు. "ఏ వాదనకు బలముంది?" అని అడిగారు. మనం మొదటి ప్రశ్నకు జవాబు రాసి వస్తాం.

వాదన బలమైనది కావాలంటే మూడు సంగతులు చూడాలి. ఒకటి, అది సమస్యకు నేరుగా సంబంధించినదై వుండాలి. రెండు, అది చెప్పే లాభంగాని నష్టంగాని లెక్కలోకి తీసుకోదగినంత పెద్దదై వుండాలి. మూడు, కారణం నుంచి ఫలితానికి తోవ కనిపించాలి. లోకానికి తెలిసిన నిజానికి అది విరుద్ధంగా వుండకూడదు.

కాలేజీ ఉదయం ఎనిమిదింటికే మొదలుపెట్టాలా అన్నది సమస్య అనుకుందాం. "పెట్టాలి, పెద్ద నగరాల్లో అలాగే చేస్తున్నారు" అన్నది బలహీనమైన వాదన. ఎవరో చేస్తున్నారన్నది మనం చేయడానికి కారణం కాదు. "వద్దు, తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకు రైల్లో వచ్చేవాళ్ళకు మొదటి క్లాసు అందదు" అంటే మాత్రం ఆలోచించవలసిందే.

ఇదేమీ మనకు కొత్త విద్య కాదు. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు "తర్కసంగ్రహం" రాశాడు. కొండమీద పొగ కనబడితే అక్కడ నిప్పుందని చెప్పవచ్చునన్నది తర్కశాస్త్రంలో పేరుపడ్డ ఉదాహరణ. నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత కూడా వుంది గదా! అదే తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ వుండి తీరుతుందంటే కుదరదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంటుంది, పొగ వుండదు. పైకి కారణంలా కనిపించి లోపల నిలవని ఇటువంటి వాటినే హేత్వాభాసలన్నారు.

ఇక మన ప్రాంతపు సమస్యనే తీసుకుందాం. 1999లో కొల్లేటిని ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, అభయారణ్యంగా ప్రకటించారు. అది దాదాపు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో కొల్లేరు రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. హద్దును మూడో కాంటూరుకు తగ్గించాలని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. తగ్గించాలా, వద్దా?

మాది వ్యవసాయ కుటుంబం. మా పొలం కొల్లేటికి ఎగువన వుంది. మా మేనమామగారిది లంక గ్రామం, చేపల చెరువుల మీద బతుకు. కాబట్టి మాకిది ఒట్టి పరీక్ష ప్రశ్న కాదు.

నాన్నగారంటారు: "తగ్గించకూడదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీరంతా కొల్లేట్లో చేరి, ఉప్పుటేరు ఒక్కదాని గుండా సముద్రానికి పోవాలి. మధ్యలో గట్లు లేస్తే నీరు ఎగదన్ని మా వరి మునుగుతుంది." ఇది బలమైన వాదన. మామయ్య అంటాడు: "తగ్గించాలి. హద్దులోపల జిరాయితీ భూములున్నాయి. పట్టా చేతిలో వుండి కూడా రైతు తన నేలమీద బతకలేకపోతే ఎట్లా?" ఇదీ బలమైనదే.

మాట పెరిగినకొద్దీ వాదన సన్నబడుతుంది. "చెరువులవాళ్ళకు డబ్బు పిచ్చి" అంటారు నాన్నగారు. మనిషిని తిడితే వాదనకు జవాబు కాదు. "లంకల్లో అందరూ ఇదే కోరుతున్నారు" అంటాడు మామయ్య. ఎంతమంది కోరినా కోరిక కారణం కాదు. "హద్దు తగ్గిస్తే ఒక్క గూడబాతు కూడా మిగలదు" అని ఒకరంటే, "తగ్గించకపోతే లంకలన్నీ ఖాళీ అయిపోతాయి" అని ఇంకొకరంటారు. పరీక్షలో "ఒక్కటి కూడా", "అన్నీ", "ఎప్పటికీ" లాంటి మాటలు కనబడితే ఒక క్షణం ఆగి చూడాలి. వాటిల్లో చాలావరకు అతిశయోక్తులే.

పరీక్షలో అయితే "రెండూ బలమైనవే" అని గుర్తు పెడితే మార్కు వస్తుంది. ఒక హేతువుకు ఎదురుగా, దానికి విరుద్ధమైన సంగతిని రుజువు చేసే ఇంకొక హేతువు నిలిచినప్పుడు తార్కికులు దాన్ని సత్ప్రతిపక్షమన్నారు. అక్కడ గొంతు పెంచి లాభం లేదు, కొలతలు కావాలి. ఉప్పుటేరు ఎంత నీటిని మోయగలదు? హద్దులోపల జిరాయితీ ఎంత? భూమి వదులుకునేవాడికి ఏమిస్తారు? ఈ లెక్కలు తేలాకనే తీర్పు.

లేబరేటరీలో మనకు కావలసిన రీడింగు కాదు, వచ్చిన రీడింగే రాస్తాం. వాదనల విషయంలోనూ అదే పద్ధతి పాటించాలని నా మనవి. మన యూనియన్ చర్చావేదిక మీద మాట్లాడే ప్రతివారూ ముందుగా ఎదుటి పక్షానికున్న అన్నిటికన్నా బలమైన కారణాన్ని ఒకసారి తమ నోటితో చెప్పి, ఆ తర్వాత తమది చెబితే ఎంత బాగుంటుంది! మా ఇంట్లో ఆ పని ఇంకా మొదలు కాలేదు. కాలేజీలోనైనా మొదలుపెడదాం.